రాణి పేరున వచ్చిన కవరు

నందిగామ,
8-6-1983

బావగారికి, మీ ఒకే ఒక్క బావమరిది ప్రసాదు నమస్కారాలు.

అక్కయ్యా మీరూ కులాసా అని తలుస్తాను. నేను ఇక్కడ ఒంటరిగా కులాసా. మా ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. వంట నేనే చేసుకుంటున్నాను కాబట్టి కులాసా అన్న మాటను కొంచెం తగ్గించి చదువుకోండి.

పదో తరగతి ఫలితాలు చూశారుగా! పేట గర్ల్స్ హైస్కూలు మొత్తానికి మన రాణే ఫస్టు. లెక్కల్లో నూటికి తొంభై ఆరట, మా హెడ్మాస్టరు గారు కనుక్కుని చెప్పారు. ఆ తొంభై ఆరూ మా వైపు నుంచి వచ్చినవి, పోయిన నాలుగూ మీ వైపు నుంచి పోయినవి. మీరు ఎస్సెల్సీలో లెక్కల పరీక్ష ఎన్నిసార్లు రాశారో నేను ఈ సందర్భంలో అక్కయ్యకు గుర్తు చెయ్యను. నేను మర్యాదస్తుణ్ణి.

పోయినసారి వచ్చినప్పుడు, ఇంటర్ సంగతి ఎత్తితే “ఆడపిల్లే కదా, చూద్దాంలే” అన్నారు. మీ “చూద్దాంలే” నాకు బాగా తెలుసు. పురుగుమందు అప్పడిగిన రైతుకు కూడా అదే అంటారు. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. వారం పది రోజుల్లో మీ ఇంటికి ఒకటి వస్తుంది. ఏమిటో చెప్పను. ఆ మధ్య “ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు” అని నేను కార్డు రాస్తే కృష్ణయ్య చేత షాపు మొత్తం కడిగించారు చూడండి, అలాంటిది కాదు. ఈసారి నిజంగా మంచిదే. అది చూశాక మీరే నాకు కాఫీ ఇప్పిస్తారు.

పదో తారీకున బందరు వెళుతున్నాను. లెక్కల మాస్టర్లందరికీ అక్కడ మూడు వారాల ట్రైనింగు. ఇంటికి తాళం. బస ఎక్కడో తెలిశాక అడ్రసు రాస్తాను.

రాణికి నా దీవెనలు. అక్కయ్యకు నమస్కారాలు.

మీ
ప్రసాదు

జగ్గయ్యపేట,
13-6-1983

చిరంజీవి ప్రసాదుకు బావ తిరుపతిరావు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇంటికి తాళం అన్నావు, బందరు అడ్రసు ఇవ్వలేదు. అందుకని దీన్ని నందిగామకే వేస్తున్నాను. పక్కింటివాళ్ళెవరైనా నీకు పంపకపోతారా అని ఆశ. చదివి చింపెయ్యి.

నువ్వు చెప్పిందేదో ఇంకా రాలేదు. దానికి ముందు ఇంకొకటి వచ్చింది. శనివారం షాపులో నలుగురు రైతులు కూర్చుని ఉండగా పోస్టుమాన్ వచ్చి “ప్రమీలారాణి గారంటే ఎవరండీ?” అని అడిగాడు. మా ఇంట్లో ఆడపిల్ల పేరున కవరు రావడం ఇదే మొదలు. మీ అక్కయ్యకు నువ్వు రాసే కార్డు కూడా నా పేరు మీదే వస్తుంది కదా. రైతులు నావైపు చూశారు. నేను కవరు జేబులో పెట్టుకుని పత్తి విత్తనాల గురించి మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు.

లోపలికి వెళ్ళి చించి చూశాను. అచ్చు వేసింది కాదు, చేత్తో రాసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ప్రమీలారాణికి, నీ మార్కులు తెలిసి చాలా సంతోషించాను. నీకు డాక్టరు కావాలన్న కోరిక ఉన్నదని విన్నాను. నీలాంటి అమ్మాయి చదువు ఆగిపోకూడదు. నువ్వు బెజవాడ వస్తే వసతి ఏర్పాట్లన్నీ మేము చూసుకుంటాము. మీ నాన్నగారితో నేనే స్వయంగా వచ్చి మాట్లాడతాను. వివరాలు విడిగా బుక్‌పోస్టులో పంపుతున్నాను. నీ మేలు కోరే, కృపారావు.”

చదువు గురించే రాసినట్టు రాశాడు. నేను అంత వెర్రివాణ్ణి కాను. పెళ్ళి కావలసిన పిల్లను నువ్వు, నువ్వు అని రాయడానికి వీడెవడు? పేరు చూశావుగా. మనవాడు కాదని పేరే చెబుతోంది.

పిల్లను పిలిచి “ఎవడే ఈ కృపారావు?” అని అడిగాను. తెలియదంది. రెండు దెబ్బలు వేశాను. అయినా తెలియదనే అంది. తెలియకపోతే దాని మార్కులు వాడికెలా తెలిశాయి? ఇంటి అడ్రసు ఎవరిచ్చారు? డాక్టరు కావాలన్న సంగతి కన్నతండ్రిని నాకే తెలియదే!

బెజవాడలో నీకు తెలిసినవాళ్ళున్నారు. వీడెవడో, ఏం చేస్తాడో వాకబు చేసి వెంటనే రాయి. అంతవరకూ పిల్ల గుమ్మం దాటదు. ఇంకా చదువేమిటి, ఇంటి పరువు నిలిస్తే చాలు.

నీ బావ,
తిరుపతిరావు

బందరు,
20-6-1983

బావగారికి నమస్కారాలు.

కవరు వెనక ఉన్న అడ్రసుకు రాయండి. ఇక్కడ మాకు లెక్కలు చెప్పే ఆయనకే కొత్త సిలబస్ కొత్త. మేము అడిగిన ప్రశ్నలు ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు జవాబు తెస్తున్నారు. మెస్సులో సాంబారు చూస్తే కృష్ణలో కొత్తనీరు గుర్తొస్తోంది. అక్కయ్య చేతి గోంగూర పచ్చడి కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

మీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను చెప్పింది ఈపాటికి వచ్చే ఉంటుంది. కోపం వచ్చిందా? మీకు మంచి సంగతికి కూడా మొదట కోపమే వస్తుంది, తర్వాత నవ్వుతారు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కదా.

ఇక రెండో విడత. వచ్చే ఆదివారం, 26న, నా స్నేహితుడు ఒకతను మీ ఇంటికి వస్తాడు. పేరు చెప్పను. చెబితే మజా ఏముంది? రాణి భవిష్యత్తు గురించి మీతో మాట్లాడతాడు. పెద్ద చదువు చదివినవాడు, నెమ్మదైనవాడు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. మీరే కొంచెం గొంతు తగ్గించుకోవాలి. అతను చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత మీ “చూద్దాంలే” అనండి.

అక్కయ్యను గారెలు వండమనండి. నా వాటా కూడా అతనికే పెట్టమనండి.

మీ
ప్రసాదు

జగ్గయ్యపేట,
27-6-1983

చిరంజీవి ప్రసాదుకు దీవెనలు.

నీ రెండో ఉత్తరం చూశాక మనసు కాస్త కుదుటపడింది. 13న నందిగామకు రాసింది నీకు అందినట్టు లేదు, అందితే ఇలా హాస్యాలాడవు. ఏమైతేనేం, నువ్వు సంబంధం అన్న మాట వాడకపోయినా నాకు అర్థమైంది. రాణికి వరుణ్ణి చూశావు. ఇప్పుడున్న పరిస్థితిలో అంతకంటే కావలసిందేమీ లేదు. మీ అక్కయ్యతో చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నందిగామ ఉత్తరంలో రాసింది ఒక్క ముక్కలో చెబుతాను. కృపారావని ఎవడో మన రాణి పేరున కవరు రాశాడు. బెజవాడ రమ్మన్నాడు. ఆ బెడద నిన్నటితో వదిలిపోయింది. ఎలాగో చెబుతాను, విను.

ఆదివారం పొద్దున్నే మీ అక్కయ్య గారెలకు పప్పు రుబ్బి, పులిహోర కలిపింది. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. పదింటికి బెజవాడ బస్సు వచ్చింది. నీ స్నేహితుడేమో అని చూస్తున్నాను. తెల్లచొక్కా వేసుకుని, రెక్సిను సంచి పట్టుకుని ఒకడు వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి “ప్రమీలారాణి గారి ఇల్లు ఇదేనాండి?” అని అడిగాడు. నా పేరు కాదు, దాని పేరు! నువ్వెవరు అన్నాను. “నా పేరు కృపారావండి. ఉత్తరం రాశానండి, అందిందాండి?” అన్నాడు. అని నవ్వాడు. నవ్వాడు ప్రసాదూ! నా ఇంటి ముందు నిలబడి!

అవతల నీ స్నేహితుడు వచ్చే వేళ అవుతోంది. వీడు అతని కంట పడితే ఇంకేమన్నా ఉందా? కృష్ణయ్యనూ గోడౌను కూలీలనూ కేకేశాను. వాళ్ళు నాలుగు తగిలించేసరికి “ప్రసాద్ గారు పంపారండి, ప్రసాద్ గారి స్నేహితుణ్ణండి” అని అరిచాడు. ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఆరా తీసుకుని మరీ వచ్చాడన్నమాట! దాంతో నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కూడా చెయ్యి చేసుకున్నాను. వాడి సంచి మనవాళ్ళు మురిక్కాలవలో పారేశారు. చెయ్యి విరిగిందనుకుంటాను, పట్టుకుని బస్టాండు వైపు పోయాడు. వీధంతా అరుగుల మీద నిలబడి చూసింది. చూడనీ. ఇంకెవడూ ఈ గుమ్మం తొక్కడు.

నీ స్నేహితుడు మాత్రం రాలేదు. మీ అక్కయ్య సాయంత్రం దాకా పిండి ముందు పెట్టుకుని కూర్చుంది. బస్సు అందలేదో ఏమో. గొడవ చూసి వెనక్కి వెళ్ళిపోలేదు కదా? ఆ దిగులే పట్టుకుంది. మళ్ళీ ఎప్పుడొస్తాడో కనుక్కుని రాయి.

నీ బావ,
తిరుపతిరావు

బందరు,
30-6-1983

బావగారికి,

నా స్నేహితుడికి బస్సు అందింది. వచ్చాడు. మీరు కొట్టింది అతన్నే.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు ఇది మీరు నాతో ఆడిన హాస్యం అనుకున్నాను. అలా అయితే బాగుండునని ఇప్పటికీ ఉంది.

కృపారావు డిగ్రీలో నా రూమ్మేటు. తర్వాత ఎమ్మెస్సీ చేశాడు. బెజవాడలో కొత్తగా పెట్టిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో లెక్చరరు. అక్కడ పాఠం చెప్పడం ఒక్కటే ఉద్యోగం కాదు. వేసవి వచ్చిందంటే లెక్చరర్లు జిల్లా మీద పడి పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లల్ని పట్టుకురావాలి. తేలేనివాడికి జూలైలో ఉద్యోగం ఉండదు. అచ్చు కాగితాలు పంపితే జనం పొయ్యిలో వేస్తున్నారని, చేత్తో రాయమని వాళ్ళ ప్రిన్సిపాలు హుకుం. అదీ తండ్రి పేరున కాదు, పిల్లల పేరున. తన పేరున ఉత్తరం వస్తే ఆ సంబరంలో తండ్రిని పిల్లలే ఒప్పిస్తారని వాళ్ళ లెక్క. మీ ఇంట్లో ఆ లెక్క తప్పింది.

రాణి పేరూ, అడ్రసూ, మార్కులూ ఇచ్చింది నేను. డాక్టరు సంగతి చెప్పిందీ నేనే. అది పోయిన సంక్రాంతికి నాతో అంది. మీతో ఎందుకు అనలేదో మీరే ఆలోచించుకోండి. నేను చెప్పిన “ఒకటి” ఆ కవరే. మీరు దాన్ని చేతిలో పెట్టుకుని కూడా గుర్తుపట్టలేదు.

“చదువు గురించే రాసినట్టు రాశాడు” అని ఉంటుంది మీ నందిగామ ఉత్తరంలో. నేను అది చదవలేదు, అయినా చెప్పగలను. పేరు చదివాక మీకు ఇంకేమీ కనపడి ఉండదు. అదే ఉత్తరం కింద మన చుట్టాలబ్బాయి పేరు ఉంటే, మీరు దాన్ని షాపులో నలుగురికీ చదివి వినిపించేవారు. రాణి గొప్ప చెప్పుకుని కాఫీలు తెప్పించేవారు. కాదని మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

నేను పేరు దాచడం తప్పే. మనిద్దరికీ ఉన్న అలవాటు అది. కానీ అతను నా పేరు చెప్పాడు కదా బావా! దెబ్బలు తింటూ చెప్పాడు. అప్పుడన్నా చెయ్యి ఆపకూడదా?

కాలేజీలో చేరడానికి జూలై 15 ఆఖరు. రాణిని మీరే వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించండి. బెజవాడ వద్దనుకుంటే పేటలోనే చేర్పించండి. కృపారావు ఎక్కడున్నాడో నేను కనుక్కుంటాను. మీరు వచ్చి అతనితో ఒక్కమాట అనాలి. ఈ రెండూ చేస్తే నేను ఇంకేమీ అడగను.

ప్రసాదు

జగ్గయ్యపేట,
9-7-1983

చిరంజీవి ప్రసాదుకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే బుక్‌పోస్టు కూడా వచ్చింది. రంగు అట్ట, లోపల మేడల బొమ్మలు, కింద కాలేజీ పేరు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు అని మీ అక్కయ్య ఏడుస్తోంది. రైసుమిల్లు వెంకటరత్నం గారి అబ్బాయికి కూడా కృపారావు ఉత్తరం వచ్చిందట. తెప్పించి చూశాను. అదే చేతిరాత, అవే మాటలు. డాక్టరు అన్నచోట ఇంజనీరు అని ఉంది, అంతే. వాళ్ళు దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

పొరపాటు జరిగింది. కాదనను. కానీ తప్పంతా నా నెత్తినే రుద్దకు. ముందుగా ఒక్కమాట చెప్పి ఉంటే నేను అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి. కూర్చోబెట్టేవాణ్ణా అని నువ్వు నవ్వుతావు. సరే, నిన్నొకటి అడుగుతాను. కృపారావు నీ రూమ్మేటన్నావు. ఇన్నేళ్ళలో అతన్ని ఎన్నడన్నా మీ ఇంటికి భోజనానికి పిలిచావా? మీ అమ్మ ఉండగా గడప లోపలికి తీసుకొచ్చావా? నాకు నీతులు చెప్పేముందు అది రాయి.

కాలేజీవాళ్ళ దగ్గర నుంచి కూడా ఉత్తరం వచ్చింది, ఈసారి నా పేరున. “మా సిబ్బంది వల్ల తమ వంటి పెద్దలకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాము. సదరు లెక్చరరును ఉద్యోగం నుంచి తొలగించాము. తమ కుమార్తెకు ఫీజులో రాయితీ ఇవ్వగలము” అని ప్రిన్సిపాలు సంతకం. మర్యాదగానే రాశారు.

అయినా పంపలేను. నువ్వు నందిగామలో కూర్చుని రాస్తావు, పేటలో తలెత్తుకు తిరగాల్సింది నేను. వీధంతా చూసింది. ఎందుకు కొట్టారయ్యా అంటే ఏం చెప్పను? తొందరపడి అమాయకుణ్ణి కొట్టానంటే నా పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల గురించి ఏవేవో అనుకుంటారు. ఇప్పటికే అనుకుంటున్నారు. ఈ పరిస్థితుల్లో దాన్ని అదే కాలేజీకి పంపితే వాళ్ళ మాటే నిజమని నేను ఒప్పుకున్నట్టు. పేట కాలేజీకి పంపితే రోజూ అదే బజారు మీదుగా నడవాలి.

అందుకని వీరులపాడులో మా అమ్మ దగ్గర దిగబెట్టి వచ్చాను. ఊరు మరిచిపోయేదాకా అక్కడే ఉంటుంది. ఈలోగా సంబంధాలు చూస్తున్నాం. నాకు మాత్రం బాధ లేదనుకుంటున్నావా? దాని పుస్తకాలు అటక మీద పెట్టేటప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రినయ్యాక తప్పదు.

నీ బావ,
తిరుపతిరావు

నందిగామ,
18-7-1983

బావగారికి,

పదిహేనో తారీకు దాటిపోయింది కనుక ఇక మిమ్మల్ని బతిమాలవలసిన పని లేదు. చూసినవి రాసి ఊరుకుంటాను.

కృపారావు కంచికచర్లలో వాళ్ళ అక్క లూర్దమ్మ గారింట్లో ఉన్నాడు. కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు. బోర్డు మీద రాయడానికి ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరు చెప్పలేదట. కేసు పెట్టమన్నాను. “గొడవల్లో పేరు వినపడితే ఇంకే కాలేజీవాడు ఉద్యోగమిస్తాడు ప్రసాదూ, వద్దులే” అన్నాడు. మిమ్మల్ని ఒక్కమాట అనలేదు. మిమ్మల్నే కాదు, నన్నూ అనలేదు. తిట్టినా బాగుండేది. “పిల్ల చేరిందా?” అని మాత్రం అడిగాడు.

మీరడిగినదానికి జవాబు: లేదు, ఎన్నడూ మా ఇంటికి పిలవలేదు. కలిసి తిన్నదంతా హోటళ్ళలోనే. మొన్న లూర్దమ్మ గారు అన్నం పెడితే తిన్నాను. దానివల్ల అతని చెయ్యి అతుక్కోదని నాకు తెలుసు.

నిజం చెబితే మీ పరువు పోతుందన్నారు, చెప్పకపోతే పిల్ల పరువు పోతుందన్నారు. ఆలోచించి ఆ రెండింట్లో పిల్లదే పోనిచ్చారు. పైగా “తండ్రినయ్యాక తప్పదు” అని రాశారు. మీ ఇంటి సంగతుల్లో నేను ఇక తలదూర్చను. అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పండి. హాస్యానికి కార్డులు రాయడం కూడా ఈ ఉత్తరంతో మానేస్తున్నాను.

నిన్న వీరులపాడు వెళ్ళి రాణిని చూశాను. మీ అమ్మగారు మమ్మల్ని ఇద్దర్నీ వదిలి పక్కకు పోలేదు. మిరపకాయలు తొడిమలు తీస్తూ ఎదురుగానే కూర్చున్నారు. రాణి చిక్కిపోయింది. అసలు ఏం జరిగిందో దానికి ఎవరూ చెప్పలేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఎవడే వాడు అని కొట్టారు, ఎవరో వస్తే కొట్టి పంపారు, తనను తెచ్చి ఇక్కడ దించారు. దానికి తెలిసింది అంతే. ఏదో తప్పు చేసే ఉంటాను, అదేమిటో గుర్తు రావడం లేదు మామయ్యా అంది.

నేను మొత్తం చెప్పాను. కాలేజీ సంగతి, ఉత్తరం సంగతి, అందులో ఏముందో కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “నా మార్కులు చూసి రాశారా?” అని అడిగింది. అవునన్నాను. ఒక్క నిమిషం దాని ముఖం వెలిగింది బావా. మీరు చూసి ఉంటే బాగుండేది.

తర్వాత “కవరు మీద ఎవరి పేరుంది మామయ్యా?” అంది. నీ పేరే అన్నాను.

“నా పేరున వస్తే నాకెందుకు ఇవ్వలేదు?”

నేను బస్సుకు వేళయిందని చెప్పి లేచి వచ్చేశాను. మీరు దాని తండ్రి. వెళ్ళి చెప్పండి.

భవానీప్రసాద్